పది మిల్లీమీటర్ల గీత

పెద్దపేగు లోపలి గోడ మీద మొలిచే చిన్న కండను పాలిప్ అంటారు. చాలావాటితో ప్రమాదం లేదు. కొన్ని మాత్రం ఏళ్ల తరబడి పెరిగి క్యాన్సర్‌గా మారతాయి. ఏది మారుతుందో ముందే తెలియదు కనుక వైద్యులు సైజును ఆనవాలుగా పట్టుకున్నారు. సెంటీమీటరు దాటిందా, లేదా?

ఈ హద్దుకు బలమైన ఆధారం లండన్‌లోని సెయింట్ మార్క్స్ ఆసుపత్రి నుంచి వచ్చింది. అక్కడ ముటో, బస్సీ, మోర్సన్ కలిసి 1975లో ఒక వ్యాసం ప్రచురించారు. క్యాన్సర్‌గా మారగల పాలిప్ రకాన్ని అడినోమా అంటారు. సెంటీమీటరు లోపు అడినోమాల్లో నూటికి 1.3 వాటిలోనే క్యాన్సర్ కనిపించింది. ఒకటి నుంచి రెండు సెంటీమీటర్లవాటిలో అది 9.5 శాతం, రెండు దాటినవాటిలో 46 శాతం. ఆ లెక్కలన్నీ శరీరం నుంచి కోసి తీసిన పాలిప్‌లవి. తర్వాత కొలిచే పద్ధతులు మారుతూ వచ్చాయి, హద్దు మాత్రం అక్కడే ఉండిపోయింది.

న్యూయార్క్‌లో వైద్యులు వోల్ఫ్, షిన్యా 1969లోనే పేగు లోపల చూసే కొలనోస్కోప్ గొట్టం గుండా పాలిప్‌లను తీయడం మొదలుపెట్టారు. ఆ గొట్టం చివర స్కేలు ఉండదు. కటకం దగ్గరికి జరిగితే పాలిప్ పెద్దదవుతుంది, వెనక్కి జరిగితే చిన్నదవుతుంది. పక్కన బయాప్సీ పట్టకారు తెరిచిపెట్టి దాని వెడల్పుతో పోల్చడం ఒక ఉపాయం. అయినా చాలాసార్లు కంటి అంచనాయే ఆధారం. అందుకే రిపోర్టుల్లో 5, 10 లాంటి రౌండ్ అంకెలు ఎక్కువగా కనిపిస్తాయి. తీసిన ముక్క ఫార్మలిన్‌లో కొంత కుంచించుకుపోతుంది కాబట్టి ల్యాబ్ కొలత మరో అంకె చెబుతుంది.

అమెరికాలో డేవిడ్ వైనింగ్ 1994లో సీటీ చిత్రాలతో పేగు లోపల విహరించి చూపించినప్పుడు ఇక కొలత చిక్కు తీరినట్టే అనిపించింది. కంప్యూటర్ తెరమీద రెండు చుక్కలు పెడితే మిల్లీమీటర్లు వచ్చేస్తాయి. కానీ ఆ చుక్కలు ఎక్కడ పెట్టాలి? అడ్డంగా కోసిన పొర మీద కొలిస్తే ఏటవాలుగా ఉన్న పాలిప్ పొడవు తగ్గిపోతుంది. మెత్తని కణజాలం కోసం పెట్టే వెలుగునీడల అమరికలో (విండో) దాని అంచు లోపలికి జరిగి చిన్నగా కనిపిస్తుంది, పేగు విండోలో కాస్త పెద్దగా కనిపిస్తుంది. పుట్టగొడుగులా కాడ ఉంటే దాన్నీ కలుపుకోవాలా? ఇద్దరు రేడియాలజిస్టులు ఒకే చిత్రం చూసి ఒకరు 9, మరొకరు 11 రాయడానికి ఇన్ని దారులున్నాయి.

2003లో రేడియాలజిస్టు పిక్‌హార్ట్ బృందం 1,233 మందిని పరీక్షించి, 10 మిల్లీమీటర్లు, ఆపైన అడినోమాలున్నవారిలో 93.8 శాతం మందిని సీటీ పట్టుకుందని చూపింది. పట్టుకోగలదని నిరూపణ అయ్యాక ఒకే తీరుగా కొలవడం మీద దృష్టి పడింది. 2005లో వచ్చిన, సీటీ ఫలితాలను ఒకే తీరుగా రాసే సీ-రాడ్స్ పద్ధతి కాడను వదిలి, తలభాగంలో అతి పొడవైన కొలతనే తీసుకోమంది. ఒకటో రెండో పాలిప్‌లుండి 6 నుంచి 9 మిల్లీమీటర్ల మధ్య ఉంటే స్కాన్‌తో గమనిస్తూ ఆగవచ్చు. 10 అయితే కొలనోస్కోపీకి పంపాలి. ఒక్క మిల్లీమీటరు రోగి దారినే మార్చేస్తుంది. అందుకే ఈ నియమం ఆలస్యంగా వచ్చినా ఎంతో అవసరమైనది.

స్కాన్‌తో గమనించేటప్పుడు పొడవుతో పాటు ఘనపరిమాణాన్నీ చూడవచ్చు. గుండ్రని పాలిప్ 9 నుంచి 10 మిల్లీమీటర్లకు పెరిగితే దాని ఘనపరిమాణం సుమారు 37 శాతం పెరుగుతుంది. పొడవులో కొలత పొరపాటని కొట్టిపారేసే తేడా, ఘనపరిమాణంలో పెరుగుదలగా బయటపడుతుంది. 2013లో పిక్‌హార్ట్ బృందం 6 నుంచి 9 మిల్లీమీటర్ల పాలిప్‌లు 306 తీసుకుని, కొంతకాలం తర్వాత మళ్లీ స్కాన్ చేసి ఘనపరిమాణం లెక్కన చూసింది. 22 శాతం పెరిగాయి, 50 శాతం అలాగే ఉన్నాయి, 28 శాతం తగ్గాయి.