అరుగు నుంచి సోఫా దాకా
(బనగానపల్లె ఇళ్లలో ఆసనాల కథ)

ప్రత్యేక సంచికకు మన ప్రాంత చరిత్ర మీద ఏదైనా రాసి ఇమ్మని సంఘం వారు అడిగారు. నవాబుల వంశావళి, యాగంటి మహాత్మ్యం రాయగల పెద్దలు మనలో ఉన్నారు. కనుక ఆ జోలికి పోకుండా, ఈ మధ్య మా ఇంట్లో నెల రోజులు చర్చ జరిగిన ఒక వస్తువు చరిత్ర రాస్తున్నాను. ఆ వస్తువు సోఫా. మోకాళ్ల నొప్పులున్న ప్రతి పింఛనుదారుడి ఇంట్లోనూ నేడో రేపో ఈ చర్చ రాక తప్పదు.

ముందుగా మాట సంగతి. సోఫా ఇంగ్లీషు వాళ్ల సొత్తని మనం అనుకుంటాం. నిజానికి అది అరబ్బీ మాట. 'సుఫ్ఫా' అంటే నేల కంటే ఎత్తుగా కట్టిన తిన్నె. అంటే అచ్చంగా మన అరుగే! తురుష్కులు దాని మీద తివాచీలు, దిండ్లు పరిచారు. అక్కడి నుంచి ఆ మాట ఐరోపాకు పోయి, కాళ్లు మొలిపించుకుని, దూది, స్ప్రింగులు నింపుకుని మన దగ్గరకు తిరిగి వచ్చింది. కుర్చీ కూడా అరబ్బీ 'కుర్సీ'యే. దివాన్ కాట్ అని మనం కొనే దాని కథ ఇంకా తమాషాగా ఉంటుంది. పారశీకంలో దివాన్ అంటే మొదట లెక్కల పుస్తకం. తర్వాత ఆ లెక్కలు రాసే కచ్చేరికి ఆ పేరు వచ్చింది. ఆ కచ్చేరిలో గోడ వెంబడి పరిచిన మెత్తల ఆసనానికీ అదే పేరయింది. జీవితమంతా రిజిస్టర్లు రాసిన నాబోటి గుమాస్తాకు, రిజిస్టరే చివరికి పరుపుగా మారిందని తెలిసినప్పుడు కలిగిన సంతోషం ఇంతింత కాదు.

ఇక మన ఊరి సంగతి. బనగానపల్లె, బేతంచెర్ల, కొలిమిగుండ్ల ప్రాంతంలో నేల తవ్వితే సున్నపురాయి పలకలు పలకలుగా లేస్తుంది. దాన్నే నాపరాయి అంటాం. కొయ్య కొనాలంటే డబ్బు కావాలి, బండ మాత్రం కాళ్ల కిందే ఉంది. అందువల్ల మన మిద్దె ఇళ్లకు గోడలు, మెట్లు, అరుగులు అన్నీ బండలే. వేసవిలో ఎండ నలభై డిగ్రీలు దాటినా, తలవాకిట నీడపట్టున ఉన్న బండ అరుగు చల్లగానే ఉంటుంది. దానికి చెద పట్టదు, గుడ్డ మార్చే పని లేదు. చీపురుతో ఊడ్చి నీళ్లు చల్లితే సరి.

అయితే ఆ అరుగు అందరిదీ కాదు. ఈ మాట చెప్పకుండా అరుగును పొగిడితే చరిత్ర కాదు. ఎవరు అరుగు మీద కూర్చోవాలి, ఎవరు మెట్టు మీద కూర్చోవాలి, ఎవరు వీధిలో నిలబడే మాట్లాడాలి అన్నది కులాన్ని బట్టి, భూమిని బట్టి ముందే నిర్ణయమై ఉండేది. మంచం మీద కూర్చున్న వాణ్ణి పెద్దరైతు వచ్చేసరికి లేపడం మా చిన్నతనంలో మామూలు సంగతి.

దివాణంలోనూ అంతే. బనగానపల్లె సంస్థానం చిన్నది. విస్తీర్ణం 255 చదరపు మైళ్లు, 1901 లెక్కల్లో జనాభా 32,264. అప్పుల వల్ల 1832 నుంచి 1848 దాకా ఇంగ్లీషు వాళ్లే పాలన చేతిలోకి తీసుకున్నారు. ఎంత చిన్న సంస్థానమైనా కొలువు కొలువే. గద్దె ఒకరిది, జంపఖానా కొందరిది, నిలబడడం మిగతా అందరిదీ. ఊళ్లో ముస్లిం కుటుంబాల ఇళ్లలో తెల్లదుప్పటి పరిచిన తఖ్తు, గుండ్రటి బాలీసులు ఉండేవి. నలుగురు కాళ్లు ముడుచుకుని దాని మీదే కూర్చుని మాట్లాడుకునేవారు. సోఫాకు అసలైన పూర్వీకులు ఎవరని నన్నడిగితే ఆ తఖ్తునే చూపిస్తాను. నవాబు గారి పాత బంగళాను 2009లో వచ్చిన 'అరుంధతి' సినిమా తర్వాత అందరూ ఆ పేరుతోనే పిలుస్తున్నారు. చూడడానికి వచ్చేవాళ్లు గోడల ముందు ఫొటోలు దిగుతారు గాని, లోపల ఎవరు కూర్చునేవారు, ఎవరు నిలబడేవారు అని అడిగిన వాణ్ణి నేను చూడలేదు.

1948లో సంస్థానం మద్రాసు రాష్ట్రంలో కలిసింది. 1953లో కర్నూలు రాజధానిగా ఆంధ్ర రాష్ట్రం, 1956లో ఆంధ్రప్రదేశ్ ఏర్పడ్డాయి. 2022 నుంచి మనం నంద్యాల జిల్లా వాళ్లం. నా చేయి మాత్రం ఇప్పటికీ కర్నూలు జిల్లా అనే రాస్తుంది. పాలకులు మారినా ఆసనాల వరస అంత త్వరగా మారలేదు. నేను 1970లలో ఉద్యోగంలో చేరేనాటికి ఆఫీసరుకు చేతుల కుర్చీ, వెనక తువ్వాలు. గుమాస్తాకు చేతులు లేని కుర్చీ. అటెండరుకు స్టూలు. అర్జీదారుకు ఏమీ లేదు. కుర్చీని చూస్తే మనిషి జీతం చెప్పేయవచ్చు.

ఇళ్లలో సోఫా మాకు తెలిసింది ఆ తర్వాతే. అప్పటికి నవారు మంచం, పడక్కుర్చీ ఉంటే కలిగినవాళ్లు. కొందరి ఇళ్లలోకి రెగ్జిను సోఫాలు వచ్చాయి. మే నెలలో దాని మీద పది నిమిషాలు కూర్చుంటే చొక్కా వీపుకు, వీపు రెగ్జినుకు అంటుకునేవి. నురుగు పరుపు సంగతికొస్తే, రబ్బరు పాలను గిలక్కొట్టి డన్‌లప్ కంపెనీ 1929లో ఇంగ్లండులో తయారు చేసింది. ఇప్పుడు సోఫాల్లో ఎక్కువగా వాడే పాలీయురిథేన్‌ను 1937లో జర్మనీలో ఒట్టో బేయర్ కనిపెట్టాడు. 1987లో దూరదర్శన్‌లో ఆదివారం రామాయణం మొదలయ్యాక టీవీ ఉన్న ఇంటికి వీధి అంతా వచ్చేది. అందరూ చాప మీదే. ఆ తర్వాతనే గదిలో ఆసనాలన్నీ ఒకరికొకరు ఎదురుగా కాక టీవీ వైపు తిరిగాయి.

ఆ రోజుల్లో ఒక ముసలి రైతు మా ఇంటికి వచ్చాడు. ఆఫీసులో నా బల్ల ముందు ఎన్నోసార్లు నిలబడిన మనిషి. ఇంట్లో కొత్త సోఫా ఉంది. "ఇట్ల కూచోప్పా" అని నేను చెయ్యి పట్టుకున్నాను. "ఉండనీ సామీ, బండ మింద సల్లగుంది" అని గడప పక్కన నేల మీద కూర్చున్నాడు. చల్లదనం కోసం కాదని అతనికీ తెలుసు, నాకూ తెలుసు. నేనూ వెళ్లి అతని పక్కనే బండ మీద కూర్చున్నాను. అతను కంగారుపడి లేచాడు. చివరికి మా ఇంటావిడ కాఫీ తెచ్చి, "ఇద్దరూ పైన కూర్చుంటేనే ఇస్తా" అన్నది. అప్పుడు సోఫా అంచున రెండంగుళాల మేర కూర్చుని తాగాడు. అతని మనవడు నిరుడు పెండ్లిపత్రిక ఇవ్వడానికి వచ్చి, అదే మూలన వెనక్కి వాలి కాలు మీద కాలేసుకుని కూర్చున్నాడు. చూడడానికి నాకు చాలా బాగుంది.

ఇప్పుడు మా ఇంటి చర్చ. మా ఇంటావిడ నేల మీద కూర్చోలేదు, కూర్చుంటే లేవలేదు. బెంగళూరులో ఉన్న అబ్బాయి ఫోనులో ఎన్నో బొమ్మలు చూపించాడు. "నాయనా, ఇది ఎంత మెత్తగా ఉంటుందో!" అంటాడు. మెత్తదనమే మనకు శత్రువు. నడుము కిందికి, మోకాళ్లు పైకి పోతే లేపడానికి ఇంకొక మనిషి కావాలి. కొనబోయే మిత్రులు టేపు తీసుకుని మోకాలి వెనక మడత నుంచి నేల దాకా కొలవండి. కూర్చున్నాక సీటు ఆ ఎత్తుకు తగ్గకూడదు. మామూలుగా పద్దెనిమిది అంగుళాలు సరిపోతుంది. లోతు ఇరవై అంగుళాలు దాటితే వీపు ఆనదు, పాదాలు నేలకు అందవు. రెండు వైపులా గట్టి కొయ్య చేతులుండాలి, లేచేటప్పుడు పట్టు అవే. నురుగు అయితే నలభై డెన్సిటీ అడగండి. ఇంటి తలుపు వెడల్పు కూడా కొలవండి. మన పాత మిద్దెల ద్వారబంధాల్లో మూడు సీట్ల సోఫా పట్టక వీధిలోనే నిలిచిపోయిన ఇళ్లు నాకు తెలుసు.

మేము చివరికి షాపు సోఫా మానేశాం. టేకు చట్రం, పేము అల్లిన వీపు, విడిగా తీసి ఎండలో వేసుకునే నూలుగుడ్డ మెత్తలతో వడ్రంగికి చెప్పాం. కాళ్ల కింద చెద పట్టకుండా నాలుగు నాపరాయి ముక్కలు పెడతానన్నాడు. ఎత్తు కొలవడానికి మా ఇంటావిడను బియ్యం డబ్బా మీద ఒకసారి, పీట మీద ఒకసారి కూర్చోబెట్టి లేపి చూశాడు. "పద్దెనిమిదిన్నర పెట్టు నాయనా" అని ఆమే తేల్చేసింది.