మ్యాచ్-త్రీ ఆటలు

పక్కపక్కనున్న రెండు బొమ్మల స్థానాలు మార్చి, ఒకే రకానివి మూడుగానీ అంతకంటే ఎక్కువగానీ వరుసలోకి తెచ్చి మాయం చేసే వీడియో పజిళ్లను మ్యాచ్-త్రీ ఆటలు అంటారు. బస్సు కోసం ఎదురుచూసే కాసేపట్లో కూడా ఆడుకోగలిగేంత తేలికైనవి కావడంతో చిన్నాపెద్దా తేడా లేకుండా ఆదరణ పొందాయి. ఆటగాడి మీది ఒత్తిడిని ఒక్కో మెట్టుగా తగ్గిస్తూ ఎదిగిన ఈ ఆటల్లోకి, ఉచిత ఆటల వ్యాపారం వచ్చాక ఆ ఒత్తిడి మరో దారిన తిరిగి చేరింది.

పూర్వరంగం

1984లో మాస్కోలో సోవియట్ సైన్సెస్ అకాడమీ కంప్యూటర్ కేంద్రంలో పనిచేస్తూ అలెక్సీ పజిత్నోవ్, పైనుంచి పడే ముక్కలను పేర్చే టెట్రిస్ అనే ఆటను రూపొందించారు. అందులో ముక్కలు పడే వేగం పెరుగుతూ పోతుంది. ఎంత నేర్పరికైనా చివరికి ఓటమి తప్పదు. 1994లో రష్యన్ ప్రోగ్రామర్ యూజీన్ అలెమ్‌జిన్ డాస్ కంప్యూటర్ల కోసం షారికి అనే ఆట రాశారు. రంగు బంతుల చోట్లు మార్చి మూడింటిని కలిపే ఈ ఆటనే మ్యాచ్-త్రీలకు ఆద్యంగా చెబుతారు.

బిజువెల్డ్

సియాటిల్‌కు చెందిన పాప్‌క్యాప్ సంస్థ 2001లో బిజువెల్డ్‌ను విడుదల చేసింది. ఎనిమిది అడ్డువరుసలు, ఎనిమిది నిలువు వరుసల పలకపై ఏడు రకాల మణులుంటాయి. మూడు కలిస్తే అవి మాయమై, పైవి కిందికి జారతాయి. అలా జారినవి మళ్లీ వాటంతటవే కలిస్తే, ఒక్క ఎత్తుకే వరసగా మణులు రాలిపోతాయి. ఈ అనుకోని లాభమే ఆటకు ప్రాణం. పొరపాటు ఎత్తు వేస్తే మణులు పాత చోటికే వెళ్తాయి తప్ప శిక్ష ఉండదు. గడియారంతో పోటీపడాలా వద్దా అన్నది ఆటగాడి ఇష్టం.

అయితే వేయడానికి ఎత్తు మిగలకపోతే ఆట ముగిసిపోయేది. 2004లో వచ్చిన బిజువెల్డ్ 2 అంతులేని రీతిని చేర్చి ఆ భయాన్నీ తొలగించింది. 2010 నాటి బిజువెల్డ్ 3లోని జెన్ రీతి మరో అడుగు ముందుకేసి, ప్రకృతి ధ్వనులనూ శ్వాసను నిదానింపజేసే సూచనలనూ జోడించింది.

ఈస్ట్ కరోలినా విశ్వవిద్యాలయ పరిశోధకులు ఇలాంటి ఆటలు ఆడేవారి గుండె లయను, మెదడు తరంగాలను నమోదు చేసి, ఒత్తిడి తగ్గిందని 2009లో ప్రకటించారు. ఆ అధ్యయనానికి డబ్బిచ్చింది పాప్‌క్యాపే కాబట్టి ఫలితాలను ఆ ఎరుకతోనే చూడాలి.

క్యాండీ క్రష్

2012లో కింగ్ సంస్థ క్యాండీ క్రష్ సాగాను ఏప్రిల్‌లో ఫేస్‌బుక్‌లోకి, నవంబరులో ఫోన్లలోకి తెచ్చింది. మణుల స్థానంలో మిఠాయిలు వచ్చాయి. ఆట ఉచితమే. కానీ ఎక్కువ అంచెల్లో ఎత్తులకు పరిమితి ఉంటుంది; ఓడుతూ ఐదు ప్రాణాలూ పోగొట్టుకుంటే, ఒక్కొక్కటి తిరిగి రావడానికి అరగంట పడుతుంది. ఆగలేనివారు డబ్బు కట్టవచ్చు. ఈ పద్ధతి ఎంత లాభసాటి అయిందంటే, 2016లో యాక్టివిజన్ బ్లిజార్డ్ దాదాపు 590 కోట్ల డాలర్లకు కింగ్‌ను కొనేసింది.

ఆకర్షణ

చిందరవందరగా ఉన్నదాన్ని సర్దిన తృప్తి, వేసిన ప్రతి ఎత్తుకూ వెంటనే కనబడే ఫలితం, మధ్యలో ఆపేసినా పోయేదేమీ లేకపోవడం మనసుకు ఊరటనిస్తాయి. మూడింటిని కలపడమనే సూత్రం అన్ని ఆటలకూ ఒకటే. ఓడినప్పుడు ఆట ఏమి అడుగుతుందన్న దాన్నిబట్టే అది సేదతీరుస్తుందో, చిరాకు పెడుతుందో తేలుతుంది.