పెన్ సెనేటర్ రీళ్లు: ఇంటి మరమ్మతులు, మార్పులు

అమెరికాలోని ఫిలడెల్ఫియాకు చెందిన పెన్ సంస్థ సముద్రపు పెద్దచేపల వేట కోసం 1936లో తెచ్చిన సెనేటర్ రీళ్లు నేటికీ వాడుకలో ఉండటానికి తయారీ గట్టితనం ఒక్కటే కారణం కాదు. మామూలు పనిముట్లతో సొంతదారే విప్పి బాగుచేసుకోగలగడం అంతకన్నా పెద్ద కారణం. చేప గుంజినప్పుడు తంగూసు తెగకుండా కొద్దికొద్దిగా వదిలే డ్రాగ్‌లో లోహపు బిళ్లల మధ్య రాపిడి వాషర్లుంటాయి. పాతవి ఎండి గట్టిపడితే తంగూసు కుదుపులతో కదిలి తెగుతుంది. వాటి చోట కార్బన్ ఫైబర్ వాషర్లు వేసి పలుచగా గ్రీజు రాస్తే డ్రాగ్ కుదుపు లేకుండా జారుతుంది, వేడికీ తట్టుకుంటుంది.

ఇలా చేస్తే అసలుతనం పోతుందని పాత వస్తువులు సేకరించేవారు అంటారు. ఎన్నడూ నీళ్లు తాకని రీలు విషయంలో అది నిజమే. కానీ వాషరు అరగడానికే పెట్టిన భాగం. తీసినదాన్ని దాచి ఉంచితే ఎప్పుడైనా తిరిగి బిగించవచ్చు. కొత్తగా రంధ్రాలు తొలచడం, పాత పూతను గీకేయడం అలాంటివి కావు. అసలు బలమైన అభ్యంతరం వేరే ఉంది: కొత్త వాషర్లతో డ్రాగ్ బిగింపు పెంచితే ఆ భారమంతా గేర్ల మీద, వెనక్కి తిరగకుండా ఆపే కొక్కెం మీద, బేకలైట్ పక్క పలకల మీద పడుతుంది. అందుకే కొందరు అల్యూమినియం ఫ్రేములు, ఉక్కు గేర్లు కూడా బిగిస్తారు. అప్పుడది మరమ్మతు కాదు, దాదాపు కొత్త రీలే. వాషర్లు మాత్రమే మార్చినవారు డ్రాగ్‌ను పాత పరిమితిలోనే బిగించాలి.