సందక్‌ఫూ శిఖరంపై మీసాన్ జాడలు

పరమాణువు విభజనకు లొంగనిదన్న భావన 1897లో జె.జె. థామ్సన్ ఎలక్ట్రాన్‌ను కనుగొనడంతో సడలిపోయింది. 1911లో రూథర్‌ఫోర్డ్ పరమాణువు నడుమ కేంద్రకం ఉన్నదని తేల్చారు. 1932లో చాడ్విక్ న్యూట్రాన్ ఉనికిని నిరూపించారు. ధనావేశం గల ప్రోటాన్లు, ఆవేశం లేని న్యూట్రాన్లు కేంద్రకంలో, ఋణావేశం గల ఎలక్ట్రాన్లు దాని వెలుపల. చిత్రం పూర్తి అయినట్లే తోచింది. అయితే ఒకే జాతి ఆవేశాలు పరస్పరం వికర్షించుకోవలసి ఉండగా, ప్రోటాన్లు అంత ఇరుకు తావులో ఎట్లా ఇమిడి ఉన్నవి? వాటిని బంధించి ఉంచే బలానికి వాహకంగా ఎలక్ట్రాన్ కంటె దాదాపు 200 రెట్లు బరువైన కణమొకటి ఉండాలని 1935లో జపాన్ శాస్త్రజ్ఞుడు హిడెకి యుకావా ప్రతిపాదించారు. మరుసటి ఏడే అమెరికాలో ఆండర్సన్, నెడర్‌మెయర్ విశ్వకిరణాలలో ఇంచుమించు అంత ద్రవ్యరాశి గల కణాన్ని గుర్తించారు. ఎలక్ట్రాన్‌కూ ప్రోటాన్‌కూ మధ్యస్థమైనది కనుక దానికి మీసోట్రాన్ అనీ, తరువాత మీసాన్ అనీ పేరు వచ్చింది.

ఈ అన్వేషణకు కలకత్తా కొత్తది కాదు. బౌబజార్ వీధిలోని ఇండియన్ అసోసియేషన్ ఫర్ ది కల్టివేషన్ ఆఫ్ సైన్స్‌లో 1931లో సి.వి. రామన్‌తో కలిసి ఫోటాన్‌కు భ్రమణం ఉన్నదని ప్రయోగపూర్వకంగా చూపినవాడు కృష్ణా జిల్లా నుంచి వచ్చిన యువకుడు సూరి భగవంతం. తరువాతి కాలంలో ఉస్మానియా విశ్వవిద్యాలయ ఉపాధ్యక్షులైన ఆయన పేరు తెలుగువారికి పరిచితమే. అదే నగరంలో అప్పర్ సర్క్యులర్ రోడ్డున, 1917లో జగదీశ్ చంద్ర బోస్ స్థాపించిన బోస్ పరిశోధనాలయంలో జరిగిన మరొక కృషి మాత్రం అంతగా ప్రచారానికి నోచుకోలేదు.

జగదీశ్ చంద్రుని మేనల్లుడు దేవేంద్ర మోహన్ బోస్ 1938లో ఆ సంస్థకు సంచాలకులయ్యారు. మొదటి ప్రపంచ యుద్ధ కాలమంతా బెర్లిన్‌లో చిక్కుబడి, ఆ నిర్బంధాన్నే మేఘపేటిక ప్రయోగాలకు వినియోగించుకొన్న వ్యక్తి ఆయన. ఆయన వద్ద పరిశోధనకు చేరినవారు బిభా చౌధురి. 1936లో కలకత్తా విశ్వవిద్యాలయం నుంచి భౌతికశాస్త్రంలో ఎం.ఎస్‌సి. పట్టా పొందినవారిలో ఆమె ఒక్కరే మహిళ. స్త్రీకి తగిన పరిశోధనాంశం తన వద్ద లేదని బోస్ తొలుత సంకోచించారనీ, ఆమె పట్టు విడువలేదనీ చెబుతారు.

1938 జనవరిలో కలకత్తాలో జరిగిన సైన్స్ కాంగ్రెస్ రజతోత్సవాలకు జర్మన్ శాస్త్రజ్ఞుడు వాల్టర్ బోథే వచ్చారు. ఆయనతో జరిగిన చర్చలలో, విశ్వకిరణ కణాల జాడను ఛాయాచిత్ర ఫలకాలపై నేరుగా పట్టవచ్చునన్న ఆలోచనకు ప్రోత్సాహం లభించింది. పద్ధతి చవకైనది. విద్యుదావేశం గల కణం ఫలకంపైని పూత గుండా దూసుకొని పోతే, దారిలోని వెండి లవణపు రేణువులు మార్పు చెందుతాయి. ఫలకాన్ని కడిగిన పిమ్మట ఆ దారి నల్లని చుక్కల వరుసగా తేలుతుంది. చుక్కల ఎడమును, దారి వంపులను సూక్ష్మదర్శినితో కొలిస్తే కణం ద్రవ్యరాశిని అంచనా వేయవచ్చు. మైదానానికి చేరేసరికి విశ్వకిరణాలు క్షీణిస్తాయి కనుక ఇల్ఫర్డ్ కంపెనీ ఫలకాలను దాదాపు 7000 అడుగుల ఎత్తున ఉన్న డార్జిలింగ్‌కూ, 12000 అడుగుల ఎత్తున ఉన్న సందక్‌ఫూకూ చేర్చి, నెలల తరబడి అక్కడే ఉంచారు. ఆపైన మిగిలినదంతా కన్నులకు పరీక్ష. ఒక్కొక్క జాడను వెదకి, లెక్కించి, సగటు కట్టాలి. 1940 నుంచి 1942 వరకు నేచర్ పత్రికలో వెలువడిన వారి వ్యాసాలలో ద్రవ్యరాశి ఎలక్ట్రాన్‌కు సుమారు 200 రెట్లుగా తేలింది.

అక్కడ యుద్ధం అడ్డు వచ్చింది. వారికి దొరికినవి హాఫ్‌టోన్ ఫలకాలు. వాటిపై జాడ సమగ్రంగా నమోదు కాదు. అంతకంటె సున్నితమైన ఫలకాలు ఆ రోజులలో భారతదేశానికి అందలేదు. 1945లో బిభా మాంచెస్టర్ వెళ్లి బ్లాకెట్ వద్ద పరిశోధనలో చేరారు. బ్రిస్టల్‌లో సెసిల్ పావెల్ బృందం మెరుగుపరచిన ఫలకాలతో 1947లో అసలు గుట్టు విప్పింది. మీసాన్ ఒకటి కాదు, రెండు. 273 రెట్ల బరువు గల పయాన్ క్షయించి 207 రెట్ల బరువు గల మ్యూవాన్ పుడుతుంది. యుకావా ఊహించినది మొదటిది. ఆండర్సన్ చూచినది రెండవది. 1950లో పావెల్‌కు నోబెల్ బహుమతి లభించింది.

కలకత్తా పరిశోధకులు పయాన్‌ను ముందే కనుగొన్నారని, బహుమతి చేజారిందని అభిమానంతో రాసేవారు ఉన్నారు. ఆ మాట ఆధారాలకు మించినది. తమ ఫలకాలతో రెండు కణాలను వేరు చేసి చూపడం వారికి సాధ్యపడలేదు. వారి కొలతలు మ్యూవాన్‌కే సమీపం. కాని పావెల్‌కు కీర్తి తెచ్చిన ఫలక పద్ధతితో మీసాన్ ద్రవ్యరాశిని ఆయనకంటె ముందే కొలిచినవారు వీరు. పావెల్ బృందం 1959లో ప్రచురించిన గ్రంథంలో ఆ కృషి ప్రస్తావన ఉన్నది. స్వదేశంలో జరిగిన ఉపేక్షకు మాత్రం యుద్ధమూ కారణం కాదు, ఫలకాల కొరతా కారణం కాదు.

1949లో బిభా బొంబాయిలోని టాటా మౌలిక పరిశోధనా సంస్థలో చేరారు. అక్కడి తొలి మహిళా పరిశోధకురాలు ఆమె. దేశంలోని ఏ ప్రముఖ విజ్ఞాన అకాడమీ కూడ ఆమెను సభ్యురాలిగా ఎన్నుకోలేదు. సెక్స్టన్స్ రాశిలోని ఒక నక్షత్రానికి ‘బిభా’ అని అంతర్జాతీయ ఖగోళ సంఘం పేరు పెట్టేసరికి 2019 వచ్చింది. తిరిగి కలకత్తా చేరిన పిమ్మట జీవితపు చివరి వరకు ఆమె పరిశోధనా వ్యాసాలు ప్రచురిస్తూనే ఉన్నారు. 1991 జూన్ 2న మరణించారు.