‘సూక్ష్మీకరించగా’ దగ్గర ఆగినవాళ్లు

దూరవిద్యలో గణితం చదివేవాళ్లకు ‘సూక్ష్మీకరించగా’ అన్న మాట కంటే పెద్ద అడ్డంకి లేదు. పై వరుసలో ఒక సమాసం, కింది వరుసలో మరొకటి. నడుమ ఏం జరిగిందో పుస్తకం చెప్పదు. పక్కన సారుంటే అర నిమిషం పని. లేకపోతే?

1977లో ఉస్మానియా కరస్పాండెన్స్ కోర్సులు మొదలైన రోజుల్లో పాఠం పోస్టులో ఇంటికొచ్చేది. చరిత్రో రాజనీతో అయితే చదువుకుంటూ పోవచ్చు. లెక్క అలా కాదు, ఒక మెట్టు తప్పితే పైకి దారే లేదు.

1982లో దేశంలోనే తొలి సార్వత్రిక విశ్వవిద్యాలయం నాటి ఆంధ్రప్రదేశ్‌లో పుట్టింది. ఇప్పటి అంబేద్కర్ ఓపెన్ యూనివర్సిటీ అదే. తొలి వైస్ ఛాన్సలర్ జి. రాంరెడ్డి కరీంనగర్ జిల్లా బిడ్డ. 1985లో ఇగ్నోకూ ఆయనే తొలి వీసీ. పుస్తకానికి తోడు మనిషి ఉండాలన్న ఆలోచనతో అధ్యయన కేంద్రాలు, ఆదివారం కాంటాక్ట్ క్లాసులు వచ్చాయి. జగిత్యాల, కోరుట్ల, సిరిసిల్ల లాంటి ఊళ్లలో పని మానుకోలేని వాళ్లకు ఆ ఆదివారమే కాలేజీ. కానీ సోమవారం సాంచె (మరమగ్గం) దగ్గర నిలబడ్డప్పుడు మెదిలిన సందేహం వారమంతా కాచుకోవాలి. ఆదివారం వచ్చేసరికి ఏం అడగాలనుకున్నామో సగం మరిచిపోతాం!

రేడియో, టీవీ పాఠాలు ఈ ఎదురుచూపును పెద్దగా తగ్గించలేదు. 2004లో విద్యా ఉపగ్రహం ఎడ్యుశాట్ ఎగిరింది. ‘మన టీవీ’ అనే పాఠాల ఛానల్ 2017లో టీ-శాట్‌గా మారింది. ఎంత చక్కగా చెప్పినా తెర మీది సారు మన నోటుబుక్కులోకి తొంగిచూడలేడు.

అసలు మార్పు 2016 తర్వాత చవక డేటాతో వచ్చింది. మొదట్లో సందేహాన్ని ఫోనులో టైపు చేసి సారును అడిగేవారు, అందులో చిక్కుంది. ‘ఎక్స్ ప్లస్ 1 బై 2’ అని రాస్తే ఏమర్థం? ఎక్స్ విలువ 3 అనుకుంటే, 2 ఒక్క 1 కిందే ఉంటే జవాబు 3.5, మొత్తం కింద ఉంటే 2. గణితానికి పైన, కింద, పక్కన అనే చోట్లున్నాయి. ఫోను కీబోర్డుకు ఒక్క వరుసే తెలుసు. అందుకే ఇప్పుడు పేజీని ఫొటో తీసి పంపుతున్నారు. అటునుంచి ఎర్రపెన్నుతో సున్నా చుట్టిన ఫొటో, వెంట ఒక వాయిస్ మెసేజ్: “గీత ఇంకొంచెం పొడుగ్గా గీయమ్మా, ఆ 2 దేని కింద ఉందో తెలుస్తలేదు.”