వైశాఖీపర్వము

వైశాఖి యను పేరు వినఁగానే వ్యాకరణము చదివినవానికి మొదటఁ దోఁచునది పౌర్ణమాసి. విశాఖానక్షత్రముతోఁ గూడిన పున్నమ వైశాఖి. అది గల మాసము వైశాఖము. పాణిని చూపిన త్రోవ యిది. కాని పంచనదదేశమున సిక్కు లాచరించు వైశాఖికిఁ బున్నమతో సంబంధము లేదు. అది మేషసంక్రమణదినము. మన చాంద్రమానమున నీ సంక్రమణము చైత్రముననే పడును. తమిళులు దీనితోఁ జిత్తిరై మాసమును మొదలిడుదురు. పంచనదమువారును వంగీయులును నా సౌరమాసమునకే వైశాఖ మని పేరిడిరి. దాని మొదటిదినము గావున నిది వైశాఖి. ఇచట వ్యుత్పత్తి పేరును దెలుపునే కాని పర్వమును దెలుపదు.

పర్వార్థమును బొలములో వెదకవలెను. శరత్తు చివరఁ జల్లిన గోధుమ యీ దినములకుఁ బండి కోఁతకు వచ్చును. మన సంక్రాంతివంటి పంటపండుగ యని కొందఱు వ్రాయుదురు, పోలిక కొంతవఱకే. కాఁపు చేతికి ధాన్యము వచ్చు కాలమే యతఁ డితరుల కీయఁగల కాలము. మూఁడవ గురువగు అమర్‌దాసు (1552–1574) వైశాఖినాఁడు శిష్యులు గోయింద్వాలున గూడవలె నని యేర్పఱచెను. పిదపఁ దమ యార్జనలో దశమాంశమును శిష్యులు గురువున కర్పించుట యాచారమయ్యెను. దానిని గ్రామగ్రామమునఁ గూర్చి వైశాఖికిఁ దెచ్చి యొప్పగించువారు మసందులు. కాలక్రమమున వీరిలోఁ బలువురు కానుకలను దామే యనుభవించుచు శిష్యులను బాధించిరి.

1699 వ సంవత్సరపు వైశాఖినాఁ డానందపురమున గురు గోవిందసింహుఁడు ఖాల్సాను స్థాపించెను. ఈ పదమునకు శుద్ధుల సమూహ మని యర్థము చెప్పి మన పండితు లాఁగుదురు. అది తప్పు గాదు, కాని చాలదు. అరబ్బీనుండి పారసీకమునఁ జేరిన యీ మాట మొగలుల లెక్కలలో, జాగీరుదారున కీయక సర్కారునకే నేరుగాఁ బన్ను చెల్లు భూమికిఁ బేరు. నిజాము రాజ్యపుఁ దెలంగాణమున ఖాల్సా గ్రామము లన్న వ్యవహార మిట్టిదే. మసందుల నడిమిరికమును దొలఁగించి శిష్యులను దనకే నేరుగాఁ జేర్చుకొన్న గురువున కీ మాటకన్నఁ దగినది దొరకదు. పంటభాగము వచ్చెడి దినముననే యీ మార్పు జరుగుట కాకతాళీయ మని నాకుఁ దోఁపదు.

శిర మడిగినపుడు ముందునకు వచ్చిన యైదుగురు లాహోరు, హస్తినాపురము, ద్వారక, పురీజగన్నాథము, బీదరు లనుచోట్లవా రని సంప్రదాయము. బీదరు మన తెలంగాణపుఁ బొలిమేరది. ఇనుపపాత్రలో నీటను బతాసాలు కలిపి, రెండంచుల ఖడ్గముతోఁ ద్రిప్పి గురువు వారి కిచ్చెను; పిమ్మట నా యైదుగురి చేతినుండియే తానును గ్రహించెను. ఇచ్చినవాఁడే పుచ్చుకొనువాఁ డగుట మఠముల చరిత్రలో నరుదు.

నాఁడది ప్రాచీనాంగ్లగణనమున మార్చి కడపట వచ్చినది. సంక్రమణము నిరయనము గావునఁ గ్రమముగా ముందునకు జరిగి యిప్పుడేప్రిలు 13, 14 తేదులఁ బడుచున్నది. 1919 ఏప్రిలు 13 న జలియన్‌వాలాబాగునఁ గాల్పులకుఁ బలియైనవారిలో వైశాఖికై యమృతసరమునకు వచ్చిన పల్లెజనులును గలరు.

పర్వదినమున గురుద్వారములయందు ధ్వజస్తంభమును గడిగి వస్త్రము మార్తురు. గ్రంథపారాయణమును నగరకీర్తనమును సాగును. లంగరులో నెల్లరును నొకే పంక్తిని గూర్చుండి భుజింతురు. పొలములందు డోలు మ్రోఁతకు భాంగడా యాడుదురు. ఖాల్సాలోఁ జేరఁ గోరువారికి నేఁటికిని నైదుగురే యమృత మిత్తురు. 1708 లో గురు గోవిందసింహుఁడు దేహము చాలించిన నాందేడున, గోదావరి యొడ్డున, నీ విధు లన్నియు జరుగును.