మంచె మీదికి రాని దోమతెర: ఖమ్మం–భద్రాచలం అడవి అంచున జ్వరం, చిరునామా

మన్యం జ్వరం, అంటే మలేరియా మీద మన విశ్వవిద్యాలయాల్లో జరిగిన పరిశోధనలో ఎక్కువ భాగం ఒకే ముగింపు దగ్గరికి చేరుతుంది: గిరిజనులు ముందు వడ్డె (గూడెంలో నాటువైద్యం చేసే పూజారి) దగ్గరికి పోతారు, ఆసుపత్రికి ఆలస్యంగా వస్తారు. ఆ మాట రాసినవాళ్లలో ఎందరు పోడులో ఒక్క రాత్రైనా పడుకున్నారో నాకు అనుమానమే. నేను చర్ల, దుమ్ముగూడెం వైపు తిరిగినప్పుడు నన్ను ఆలోచనలో పడేసింది వడ్డె కాదు, మంచె.

భాద్రపదం నుంచి కార్తీకం దాకా పోడు కాపలా కాలం. జొన్న కంకి పట్టేసరికి అడవిపందులు దిగుతాయి. ఇంట్లో ఒంట్లో సత్తువున్నవాళ్లంతా, ఒక్కోసారి పిల్లలతో సహా, మంచె మీదే పడుకుంటారు. కింద పొగ వేస్తారు, తెల్లవార్లూ డబ్బా మోగిస్తారు. దోమతెర మాత్రం గుంపులో, అంటే గూడెంలో, ఇంటి దూలానికి వేలాడుతూ ఉంటుంది. దాని కింద పడుకునేది ముసలివాళ్లు. తెర ఇచ్చింది ఇంటికి, మందు పిచికారి చేసింది ఇంటి గోడలకు. సెలయేటి ఒడ్డున పుట్టే అనాఫిలిస్ ఫ్లూవియాటిలిస్ దోమకు ఆ లెక్క పట్టదు, మనుషులున్న చోటికి వస్తుంది. నాలుగు గుంజల మంచెకు తెర కట్టడం కష్టమేమీ కాదు, కానీ పంపిణీ చేసేవాళ్లు ఆ ఊసే ఎత్తరు. జ్వరాలు ముదిరే నెలలూ కాపలా నెలలూ ఒకటే కావడాన్ని కాకతాళీయం అనుకోలేను.

మనిషి ఇంట్లోనే ఉంటాడన్న ఈ లెక్క దగ్గరే నాకు మానవశాస్త్రవేత్త హైమెండార్ఫ్‌తో పేచీ వస్తుంది. 1941లో ఆయన గోదావరి ఒడ్డు కొండరెడ్ల మధ్య తిరిగి, 1945లో ‘ది రెడ్డిస్ ఆఫ్ ది బైసన్ హిల్స్’ అచ్చువేశాడు. కలప వ్యాపారుల అప్పుల్లో కొండరెడ్లు ఎలా ఇరుక్కున్నారో ఆయన చూపినంత బాగా ఎవరూ చూపలేదు, ఒప్పుకుంటాను. కానీ ఆయన చూపంతా మైదానం నుంచి కొండకు ఎక్కి వచ్చే మనిషి మీదే. కీడు కింది నుంచి వస్తుందన్న ఆ భావన తర్వాతి పరిశోధకులకు ఆస్తిపాస్తుల్లా సంక్రమించింది. అడవిలోనే అడ్డంగా, ఈ ఒడ్డు నుంచి ఆ ఒడ్డుకు, బస్తర్ నుంచి చర్లకు నడిచే మనుషుల్ని ఆ చట్రం పట్టుకోలేదు. సమీకృత గిరిజనాభివృద్ధి సంస్థ (ఐటీడీఏ) ప్రణాళికలు ఇవాళ్టికీ స్థిరమైన గూడేన్నే ఊహించుకుని రాస్తున్నారంటే, దాని వెనుక ఆ పుస్తకం నీడ ఉందంటాను.

అడ్డంగా నడిచినవాళ్లను చూడండి. 2005 జూన్‌లో బస్తర్‌లో మావోయిస్టులకు వ్యతిరేకంగా, ప్రభుత్వ అండతో సల్వాజుడుం మొదలైంది. సుక్మా, బీజాపూర్ నుంచి మురియాలు ప్రాణాలు అరచేత పట్టుకుని ఇటు వచ్చి, మనం గుత్తికోయలని పిలిచే జనమయ్యారు. అటవీ హక్కుల చట్టం పోడు పట్టాకు పెట్టిన గడువు 2005 డిసెంబర్ 13. మధ్యలో ఆరు నెలలు. అడవిలో పారిపోతున్న మనిషి ఏ కాగితం దాచుకుంటాడు? సుప్రీంకోర్టు 2011 జూలైలో ఈ పోరులో ఆదివాసీలకు ఆయుధాలిచ్చి ప్రత్యేక పోలీసులుగా వాడుకోవడం తప్పన్నది. పారిపోయి వచ్చినవాళ్లకు మాత్రం ఇక్కడ పట్టా లేదు, తెలంగాణలో ఎస్టీ గుర్తింపూ లేదు. జాబితాలో లేని గుంపుకు దోమతెరల లెక్క ఎవరు కడతారు?

దీనికి మిరప తోడైంది. జనవరి నుంచి ఏప్రిల్ దాకా కోతలకు ఛత్తీస్‌గఢ్ నుంచి కూలీలు ట్రాక్టర్ల మీద దిగుతారు, చేల గట్లన టార్పాలిన్ కింద కాపురం పెడతారు. వైవాక్స్ రకం మలేరియాకు ప్రైమాక్విన్ మాత్ర పద్నాలుగు రోజులు వేయాలి. రక్తపూత వాజేడులో తీస్తే, అయిదో రోజుకల్లా మనిషి మరో చేనులో ఉంటాడు, పదో రోజుకు నది దాటేస్తాడు. మిగిలిన మాత్రలు ఆశా కార్యకర్త సంచిలోనే. మాత్ర మింగించే ముందు జీ6పీడీ అనే ఎంజైమ్ లోపం ఉందో లేదో చూసుకోవాలన్న సంగతి సరేసరి. సరిహద్దుకు అవతల, 2020 జనవరిలో మొదలైన ‘మలేరియా ముక్త్ బస్తర్’ కార్యక్రమం జ్వరం లేనివాళ్ల రక్తం కూడా పరీక్షించింది. పాజిటివ్ వచ్చినవాళ్లలో సగానికి పైగా మందికి ఏ లక్షణమూ లేదు. అంటే జ్వరం వచ్చాక ఆసుపత్రికి రమ్మనే మన పద్ధతి, ఆలస్యం గిరిజనులదేనన్న ఆ పాత మాట, రెండూ మొదట్లోనే కూలిపోతాయి.

ఊళ్లు మారే మనిషిని జ్వరం పట్టుకోవడం కొత్తేమీ కాదు. ఇంజనీరు ఆర్థర్ కాటన్ ప్రణాళిక ప్రకారం గోదావరి ఎగువన పడవలు నడపాలని దుమ్ముగూడెం దగ్గర పెట్టిన పనులను 1871లో మానేశారు. ఖర్చు ఒక కారణమైతే, కలరా, జ్వరాలు కూలీలను నిలవనీయకపోవడం ఇంకొకటి. అప్పుడైనా ఇప్పుడైనా రోగం బలితీసుకునేది ఊరు లేని మనిషినే.

గత పదేళ్లలో భద్రాద్రి కొత్తగూడెం జిల్లాలో మలేరియా బాగా తగ్గిందనీ, అందులో దోమతెరలకూ వాటా ఉందనీ కాదనను.

అయినా నా వాదన మలేరియా దగ్గరే ఆగదు. డోలీలో మోసుకొచ్చే గర్భిణి, పాముకాటు తిన్న తునికాకు కూలీ, రక్తహీనతతో పుట్టే బిడ్డ, వీళ్లందరి వెనుకా ఉన్న రోగం ఒక్కటే: చిరునామా లేకపోవడం. 2014లో పోలవరం ముంపు పేరుతో ఇక్కడి కొన్ని మండలాలు ఆంధ్రప్రదేశ్‌లో కలిశాయి. ఎటపాక నుంచి భద్రాచలం ఏరియా ఆసుపత్రి కూతవేటు దూరం, కానీ రాష్ట్రం వేరు. చింతూరు, కూనవరం వాళ్లకు 2022లో జిల్లా కేంద్రం పాడేరు అయింది. జబ్బు చేస్తే మాత్రం భద్రాచలమే వస్తారు. ఛత్తీస్‌గఢ్ వాళ్లూ అక్కడికే. మూడు రాష్ట్రాల రోగులు ఒకే వరండాలో పడుకుంటారు, మూడు రాష్ట్రాల జాబితాలు మాత్రం ఒకే బల్ల మీదికి రావు.

ఈ సంగతి మీద పరిశోధన చేయబోయే విద్యార్థులకు నాదొక్కటే మనవి. ప్రశ్నావళి పట్టుకుని గూడేనికి పగలు వెళ్లకండి. ఆశ్వయుజంలో, చీకటి పడ్డాక, మంచె దగ్గరికి వెళ్లండి.